పంపుకూ పిన్నుకూ మధ్య ఒక ట్రాన్సిస్టర్

కుండీలో మట్టి ఎండగానే తనంతట తాను నీళ్లు పోసే పరికరం. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లల నుంచి, ఉద్యోగ విరమణ చేసి మేడ మీద మొక్కలు పెంచుకునేవారి దాకా ఎలక్ట్రానిక్స్‌లో అడుగుపెట్టిన చాలామంది మొదట చేసేది ఇదే. కావలసిన సరుకు కొంచెమే. మట్టిలో తేమ చెప్పే సెన్సర్ ఒకటి, మైక్రోకంట్రోలర్ (ప్రోగ్రాం ప్రకారం నడిచే చిన్న కంప్యూటర్ చిప్పు) ఉన్న బోర్డు ఒకటి, చిన్న నీళ్ల పంపు ఒకటి. ప్రోగ్రాం కూడా చిన్నదే. తేమ తగ్గితే పిన్ను ఆన్ చెయ్యాలి, చాలినంత తడి తగిలాక ఆఫ్ చెయ్యాలి.

చిక్కు వచ్చేది ప్రోగ్రాంలో కాదు. పిన్నుకు ఎల్ఈడీ పెట్టి చూస్తే చక్కగా వెలుగుతుంది. ఎల్ఈడీ తీసి పంపు పెడితే తిరగదు. లేదా ఒక్క క్షణం గుర్రుమని, బోర్డు రీసెట్ అయిపోతుంది. ఖర్మ కాలితే ఆ పిన్ను అక్కడితో పోతుంది. అప్పుడు ప్రోగ్రాంలో తప్పు వెతకడం మొదలవుతుంది. తప్పు అక్కడ లేదు. పిన్నుకు మనం అప్పగించిన పనిలో ఉంది.

మైక్రోకంట్రోలర్ పిన్ను ఇవ్వగలిగింది సంకేతం మాత్రమే. ఆన్ అంటే 5 వోల్టులో 3.3 వోల్టులో, ఆఫ్ అంటే సున్నా. ఆ వోల్టేజీతో పాటు ఎంత కరెంటు ఇవ్వగలదన్నది వేరే లెక్క. పాత ఆర్డుయినో ఊనో బోర్డు మీద ఉండే ఏటీమెగా328పీ చిప్పునే చూడండి. దాని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే లక్షణాల పత్రం) ఒక పిన్నుకు 40 మిల్లీ ఆంపియర్లు అంటుంది. కానీ అది హద్దు. దాటితే చిప్పు దెబ్బతినవచ్చని చెప్పే అంకె. రోజూ వాడుకోవడానికి 20 మిల్లీ ఆంపియర్లు లెక్క వేసుకోవాలి. పిన్నులన్నీ కలిపి చిప్పు గుండా పోగలిగింది 200 మిల్లీ ఆంపియర్లే.

ఇక పంపు సంగతి. మొక్కల ప్రాజెక్టుల్లో వాడే 12 వోల్టుల చిన్న డయాఫ్రమ్ పంపు నడిచేటప్పుడు అర ఆంపియర్‌కు పైగా, అంటే 500 మిల్లీ ఆంపియర్లకు మించి లాగుతుంది. మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. తిరుగుతున్న మోటారు తనలో తాను ఒక ఎదురు వోల్టేజీని పుట్టించుకుంటుంది. అదే కరెంటుకు కళ్లెం. ఆగి ఉన్న మోటారులో ఆ ఎదురు వోల్టేజీ ఉండదు. తీగచుట్ట నిరోధం ఒక్కటే అడ్డం కాబట్టి మొదటి క్షణంలో కరెంటు ఎగబాకుతుంది. పిన్ను నుంచో, బోర్డు మీది 5 వోల్టుల సరఫరా నుంచో దాన్ని నడపబోతే వోల్టేజీ ఒక్కసారిగా కుంగి, చిప్పు తనను తాను రీసెట్ చేసుకుంటుంది. పంపు గుర్రుమని ఆగిపోవడానికి కారణం ఇదే.

ఇది పాత సంగతే. ఇప్పుడు మళ్లీ చెప్పుకోవడానికి కారణం, కొత్త బోర్డుల పిన్నులు ఇంకా బలహీనం కావడం. 2023లో వచ్చిన ఊనో ఆర్4 చూడటానికి పాత ఊనో లాగే ఉంటుంది, పిన్నులు అవే చోట్ల ఉంటాయి. కానీ లోపలి చిప్పు వేరు. దాని పిన్నుకు పరిమితి 8 మిల్లీ ఆంపియర్లు. రాస్ప్‌బెర్రీ పై పికోలో పిన్ను కరెంటు అమరిక ఎంత పెంచినా 12 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగుతుంది. పైగా పికో, ఈఎస్‌పీ32 రెండూ 3.3 వోల్టుల బోర్డులు. పదేళ్ల కిందటి పాఠాలు, పాత ప్రాజెక్టు రిపోర్టులు 5 వోల్టుల ఊనోను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిలోని సర్క్యూట్లను కొత్త బోర్డుకు ఉన్నదున్నట్టు ఎక్కిస్తే కొన్ని పనిచెయ్యవు. కొన్ని పనిచేస్తున్నట్టు కనబడి, పది నిమిషాల తర్వాత కాలిన వాసన తెప్పిస్తాయి. ఈ రెండో రకమే ప్రమాదం.

పరిష్కారం పాతదే, ట్రాన్సిస్టర్. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటైన్ మొదటి ట్రాన్సిస్టర్‌ను పనిచేయించి చూపారు. వారితో పాటు షాక్లీకి 1956లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయర్‌గా దానికి పేరు ముందు వచ్చింది గానీ, మన పనికి కావలసింది దాని రెండో గుణం. చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆపగలదు, వదలగలదు.

చెరువు తూము తలుపు ఎత్తేవాడి చేతి సత్తువ కాలువలో నీటికి బలం ఇవ్వదు. నీటి బలం చెరువుది. చెయ్యి చేసేది దారి తెరవడమే. ట్రాన్సిస్టర్ అలాంటి తలుపు. పంపు నడిచే శక్తి 12 వోల్టుల అడాప్టర్ నుంచి వస్తుంది. ఆ దారి తెరవడానికి, మూయడానికి మాత్రమే పిన్ను కావాలి.

మొదటి రకం ట్రాన్సిస్టర్ బైపోలార్ (కరెంటుతో తెరుచుకునేది). మూడు కాళ్లుంటాయి. బేస్, కలెక్టర్, ఎమిటర్. ఎమిటర్‌ను మైనస్‌కు కలుపుతాం. నడవాల్సిన వస్తువుకు ఒక కొన ప్లస్‌లో, రెండో కొన కలెక్టర్‌లో. బేస్‌లోకి చిన్న కరెంటు పంపితే కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు పెద్ద కరెంటు పారుతుంది. బేస్‌కూ పిన్నుకూ మధ్య ఒక రెసిస్టర్ తప్పనిసరి. లేకపోతే బేస్ దాదాపు 0.7 వోల్టుల దగ్గరే నిలబడి, పిన్ను ఇవ్వగలిగినంతా లాగేస్తుంది.

ఆ రెసిస్టర్ విలువ ఎంత అన్నది కొత్తవాళ్లు తడబడే చోటు. ఒక ఉదాహరణ పట్టుకుందాం. దుకాణాల్లో దొరికే నీలం రంగు చిన్న 5 వోల్టుల రిలే (విద్యుదయస్కాంతంతో కదిలే స్విచ్చు). దాని తీగచుట్ట నిరోధం సుమారు 70 ఓంలు. 5ని 70తో భాగిస్తే 71 మిల్లీ ఆంపియర్లు. పిన్ను ఇవ్వలేదు. బీసీ547 అనే చవక ట్రాన్సిస్టర్ పరిమితి 100 మిల్లీ ఆంపియర్లు, కాబట్టి అది సరిపోతుంది. డేటాషీట్ తెరిస్తే దాని గెయిన్ (బేస్ కరెంటుకు ఎన్ని రెట్లు కలెక్టర్‌లో పారుతుందన్నది) వంద నుంచి కొన్ని వందల దాకా రాసి ఉంటుంది. అయితే బేస్‌లో మూడోవంతు మిల్లీ ఆంపియర్ పంపితే చాలు కదా అనిపిస్తుంది. అనిపించడం సహజమే, కానీ అలా లెక్క కట్టకూడదు. ఆ గెయిన్ కొలిచినప్పుడు ట్రాన్సిస్టర్ మీద 5 వోల్టులు నిలిపి కొలిచారు. అంటే తలుపు పూర్తిగా తెరుచుకోని స్థితి. మనకు కావలసింది పూర్తిగా తెరుచుకున్న స్థితి, దాన్నే శాచురేషన్ (ఇక తెరవడానికి మిగలనంత తెరుచుకోవడం) అంటారు. అందుకోసం డేటాషీట్ గెయిన్‌ను పక్కన పెట్టి, కలెక్టర్ కరెంటులో పదో వంతు బేస్‌కు ఇవ్వడం ఆనవాయితీ. 71లో పదో వంతు 7 మిల్లీ ఆంపియర్లు. పిన్ను 5 వోల్టులు, బేస్ 0.7 తీసేస్తే 4.3. దాన్ని 7 మిల్లీ ఆంపియర్లతో భాగిస్తే 614 ఓంలు. దుకాణంలో దొరికే దగ్గరి విలువలు 560, 680. పాత ఊనోకు 560 వెయ్యండి. కొత్త ఊనో ఆర్4కు 680 మేలు, 6.3 మిల్లీ ఆంపియర్లు పోతాయి, 8 అనే హద్దుకు లోపల ఉంటుంది, రిలే టిక్కుమని పడుతుంది. 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 అయితే మిగిలేది 2.6 వోల్టులే కాబట్టి 390 ఓంలు సరిపోతుంది.

కాళ్ల వరసను మాత్రం పోలికతో ఊహించకండి. బీసీ547ను చదునైన ముఖం మన వైపు తిప్పి, కాళ్లు కిందికి పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అచ్చం అలాగే కనిపించే 2ఎన్3904లో వరస తిరగబడుతుంది. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో రెండూ ఒకే తరహా పొట్లంలో చేతికి వస్తాయి. మీద ముద్రించిన నంబరు చదివే పెట్టాలి.

పూర్తిగా తెరవడం మీద ఇంత పట్టు ఎందుకో ఇప్పుడు చూద్దాం. మొత్తం విషయానికి కీలకం ఇదే. ట్రాన్సిస్టర్‌లో పుట్టే వేడి రెండు అంకెల లబ్ధం. దాని మీద నిలిచిన వోల్టేజీ, దానిలోంచి పారే కరెంటు. మూసి ఉన్నప్పుడు వోల్టేజీ పూర్తిగా ఉంటుంది, కరెంటు సున్నా. లబ్ధం సున్నా. పూర్తిగా తెరిచినప్పుడు కరెంటు పూర్తిగా ఉంటుంది, వోల్టేజీ సున్నాకు దగ్గర. లబ్ధం మళ్లీ దాదాపు సున్నా. మధ్యలోనే చిక్కు.

12 వోల్టుల మీద 12 ఓంల హీటర్ తీగ ఉందనుకోండి. పూర్తిగా తెరిస్తే ఒక ఆంపియర్. ట్రాన్సిస్టర్ సగం తెరుచుకుని 6 వోల్టులు తన మీదే ఉంచుకుంటే, కరెంటు అర ఆంపియర్ అవుతుంది. ఆరును అరతో గుణిస్తే 3 వాట్లు. తీగకు 3 వాట్లు, ట్రాన్సిస్టర్‌కు 3 వాట్లు. తీగ వేడి కోసమే తయారైంది. ట్రాన్సిస్టర్ కాదు. టీఓ-220 అనే, రేకు వీపుతో వచ్చే మామూలు పవర్ ట్రాన్సిస్టర్‌కు హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే లోహపు ముక్క) లేకపోతే ప్రతి వాట్‌కూ లోపలి వేడి సుమారు 62 డిగ్రీలు పెరుగుతుంది. మూడు వాట్లకు 186 డిగ్రీలు. గది వేడి దానికి కలపాలి. ఇలాంటి భాగాల్లో చాలావాటికి హద్దు 150 నుంచి 175 డిగ్రీలు. అంటే సగం పని చేయించుకున్నందుకు భాగం మాడిపోతుంది. పూర్తి పని చేయించుకుంటే చల్లగా ఉండేది. కొత్తవాళ్లకు ఇది తలకిందులుగా తోస్తుంది. "పంపు మెల్లగానే తిరుగుతోంది కదా, ఇది ఎందుకు ఇంత కాలుతోంది" అని అడుగుతారు. పంపు మెల్లగా తిరుగుతోంది కాబట్టే.

ఒక ఆంపియర్, రెండు ఆంపియర్ల పనికి బీసీ547 చాలదు. పాత పాఠాలు ఇక్కడ టిప్120ని చూపిస్తాయి. ఇది డార్లింగ్టన్ (ఒకదాని వెనక ఒకటి కట్టిన రెండు ట్రాన్సిస్టర్ల జంట). చాలా చిన్న బేస్ కరెంటుతో తెరుచుకుంటుంది, 5 ఆంపియర్ల దాకా మోస్తుంది. కానీ ఎంత తెరిచినా తన మీద దాదాపు ఒక వోల్టు ఉంచుకుంటుంది, 3 ఆంపియర్ల దగ్గర 2 వోల్టుల దాకా. ఒక ఆంపియర్‌కే ఒక వాట్ వేడి. 5 వోల్టుల మోటారైతే దానికి అందేది 4 వోల్టులే. పాతకాలపు భాగం, ఇవాళ కొత్తగా కొనడానికి కారణం కనబడదు. అదే కుటుంబంలో యూఎల్ఎన్2003 మాత్రం ఇంకా ఉపయోగకరం. ఒకే చిప్పులో ఏడు జంటలు, రక్షణ డయోడ్లు (కరెంటును ఒకే వైపు పోనిచ్చే భాగాలు) లోపలే ఉంటాయి. చిన్న స్టెప్పర్ మోటార్లకు, నాలుగైదు రిలేలకు సరిగ్గా సరిపోతుంది.

పెద్ద కరెంటుకు ఇప్పటి జవాబు మాస్‌ఫెట్ (కరెంటుతో కాక, వోల్టేజీతో తెరుచుకునే ట్రాన్సిస్టర్). కాళ్ల పేర్లు గేట్, డ్రెయిన్, సోర్స్. గేట్‌కూ మిగతా భాగానికీ మధ్య సన్నని ఆక్సైడ్ పొర ఉంటుంది. కరెంటు అందులోంచి పోదు. గేట్ మీద విద్యుదావేశం నింపితే లోపల దారి తెరుచుకుంటుంది, ఖాళీ చేస్తే మూసుకుంటుంది. నిలకడగా ఆన్‌లో ఉంచడానికి పిన్ను నుంచి కరెంటే అక్కర్లేదు. 8 మిల్లీ ఆంపియర్ల పిన్ను కూడా పది ఆంపియర్ల దారిని తెరిచి ఉంచగలదు. వినడానికి ఇంతకంటే హాయి లేదు. చిక్కు డేటాషీట్ చదవడంలో ఉంది.

డేటాషీట్‌లో ముందు కంటబడేది థ్రెషోల్డ్ వోల్టేజీ. ఐఆర్ఎఫ్540ఎన్‌కు 2 నుంచి 4 వోల్టులు అని ఉంటుంది. మన పిన్ను 5 ఇస్తోంది, సరిపోయింది అనుకుంటారు. కానీ ఆ అంకె కొలిచింది డ్రెయిన్‌లో 250 మైక్రో ఆంపియర్లు పారినప్పుడు. ఆంపియర్‌లో నాలుగువేల వంతు. అది తలుపు తెరుచుకునే వోల్టేజీ కాదు, తలుపు సందు కనబడే వోల్టేజీ. చూడాల్సింది ఇంకో వరస. తెరుచుకున్నాక మిగిలే నిరోధం ఎంత, అది ఏ గేట్ వోల్టేజీ దగ్గర కొలిచారు అన్న వరస. ఐఆర్ఎఫ్540ఎన్‌కు అక్కడ 0.044 ఓం అని, పక్కనే 10 వోల్టులు అని ఉంటుంది. గేట్‌కు 10 ఇస్తేనే ఆ హామీ. 5 ఇస్తే తయారీదారు మాట ఇవ్వలేదు. 3.3 ఇస్తే కొన్ని ముక్కలు అసలు తెరుచుకోవు. కొన్ని సగం తెరుచుకుంటాయి. సగం అంటే ఏమవుతుందో పైన చూశాం.

ఇందుకే లాజిక్ లెవెల్ మాస్‌ఫెట్ (తక్కువ గేట్ వోల్టేజీకే పూర్తిగా తెరుచుకునేది) కావాలి. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ 5 వోల్టుల దగ్గర 0.025 ఓం హామీ ఇస్తుంది. ఒక ఆంపియర్‌కు పుట్టే వేడి 25 మిల్లీవాట్లు, అంటే ఒకటిన్నర డిగ్రీ. చేత్తో తాకితే తెలియదు. పాత ఊనోకూ కొత్త ఊనోకూ ఇది సరైన ఎంపిక. కానీ దాని హామీ 4 వోల్టుల దగ్గర ఆగుతుంది. ఈఎస్‌పీ32 ఇచ్చే 3.3 వోల్టులకు ఏ మాటా లేదు. ఒక ఆంపియర్ పంపును చాలాసార్లు నడిపిస్తుంది, అయినా అది అదృష్టం మీద ఆధారపడటమే. 3.3 వోల్టుల బోర్డుకు ఏఓ3400 లాంటిది తీసుకోండి. బియ్యపు గింజంత ఉంటుంది. 2.5 వోల్టుల గేట్ దగ్గరే సుమారు 0.05 ఓం హామీ ఉంది. అతికించడం కష్టమైతే చిన్న అడాప్టర్ పలక మీద పెట్టుకోవచ్చు.

మైక్రోకంట్రోలర్ల కోసమే అన్నట్టు ఎర్ర పలక మీద ఐఆర్ఎఫ్520 బిగించి అమ్మే మాడ్యూల్ చాలాచోట్ల దొరుకుతుంది. ఆ మాస్‌ఫెట్ నిరోధం అంకె కూడా 10 వోల్టుల గేట్‌కే. 3.3 వోల్టుల బోర్డుకు అది తగదు. స్క్రూ టెర్మినళ్లు ఉన్నాయని మురిసిపోవద్దు.

చేతిలో ఐఆర్ఎఫ్540 మాత్రమే ఉంటే? దాని గేట్‌ను 10 కిలో ఓంల రెసిస్టర్‌తో 12 వోల్టులకు కట్టి, ఒక బీసీ547తో ఆ గేట్‌ను కిందికి లాగే ఏర్పాటు చెయ్యవచ్చు. గేట్‌కు 12 వోల్టులు అందుతాయి, మాస్‌ఫెట్ బాగా తెరుచుకుంటుంది. అయితే అర్థం తిరగబడుతుంది. పిన్ను ఆన్ అయితే పంపు ఆఫ్, పిన్ను ఆఫ్ అయితే పంపు ఆన్. బోర్డుకు కరెంటు పోయి 12 వోల్టులు మిగిలిందనుకోండి, పంపు ఆగకుండా తోడుతుంది. ఇంట్లో లేనప్పుడు నడవాల్సిన పరికరానికి ఈ పద్ధతి నేను సూచించను.

బోర్డు మొదలయ్యే క్షణం మామూలు పద్ధతిలో కూడా జాగ్రత్త అడుగుతుంది. రీసెట్‌లో పిన్నులన్నీ ఇన్‌పుట్లుగా ఉంటాయి. అంటే గేట్‌ను పైకి లాగేవారూ లేరు, కిందికి లాగేవారూ లేరు. గేట్ మీద ముందు మిగిలిన ఆవేశమో, పక్క వైరు నుంచి అంటుకున్నదో దాన్ని సగం తెరవగలదు. గేట్ నుంచి మైనస్‌కు 10 కిలో ఓంల రెసిస్టర్ ఒకటి వేస్తే ఆ ఊగిసలాట పోతుంది. చాలా చవక వస్తువు, అయినా చాలా సర్క్యూట్లలో లేనిది ఇదే. ఈఎస్‌పీ32లో అదనంగా 0, 2, 5, 12, 15 నంబరు పిన్నులు బూటింగ్ పద్ధతిని నిర్ణయిస్తాయి. పంపును వాటికి కట్టకండి.

పిన్నుకూ గేట్‌కూ మధ్య కూడా చిన్న రెసిస్టర్ పెడతారు. గేట్ ఆవేశం నింపుకునే క్షణంలో పిన్ను నుంచి కరెంటు ఉరుకుతుంది, దానికి పగ్గం ఇది. పాత ఊనోకు 220 ఓంలు, కొత్తదానికి 680 చాలు. దీని వల్ల తెరుచుకోవడం కొంచెం నెమ్మదిస్తుంది. అది బెంగపడాల్సినంతా? ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ గేట్ నిండటానికి 48 నానో కూలుంబులు కావాలి. 10 మిల్లీ ఆంపియర్లతో నింపితే ఐదు మైక్రోసెకన్లు. పాత ఊనోలో పంపు వేగం తగ్గించడానికి వాడే పీడబ్ల్యూఎం (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ సగటు శక్తిని తగ్గించడం) చాలా పిన్నుల మీద సెకనుకు 490 సార్లు తిరుగుతుంది. ఒక్కో చక్రం రెండువేల మైక్రోసెకన్లు. అందులో పది మైక్రోసెకన్లు సగం తెరుచుకున్న స్థితి. వేడి లెక్కలోకి రాదు. అదే సెకనుకు లక్ష సార్లు తిప్పాలంటే చక్రమే పది మైక్రోసెకన్లు. అప్పుడు గేట్ డ్రైవర్ అనే వేరే చిప్పు కావాలి. మొక్కల పంపుకు అక్కర్లేదు.

ఇక డయోడ్. పంపు, రిలే, సోలనాయిడ్ వాల్వ్, ఏదైనా తీగచుట్ట ఉన్న వస్తువు ఆపేటప్పుడు ఎదురు తిరుగుతుంది. చుట్టలో పారుతున్న కరెంటు ఒక్కసారిగా ఆగడానికి ఒప్పుకోదు. ట్రాన్సిస్టర్ దారి మూసేస్తే, ఆ కరెంటు దారి కోసం తన కొనల మధ్య వోల్టేజీని పెంచుకుంటూ పోతుంది. ఎంతదాకా అంటే ఏదో ఒకటి లొంగేదాకా. 5 వోల్టుల రిలే కూడా వంద వోల్టులు దాటించగలదు. బీసీ547 ఓర్చుకోగలిగింది 45. ఒక్కసారికే చావకపోవచ్చు. పది రోజులు బాగా నడిచి పదకొండో రోజు మొండికేస్తుంది, అప్పుడు కారణం అంతుపట్టదు. మందు ఒక 1ఎన్4007 డయోడ్. చుట్టకు అడ్డంగా, వెండి గీత ఉన్న కొన ప్లస్ వైపు ఉండేలా కట్టాలి. ఆపిన క్షణంలో కరెంటు డయోడ్ గుండా చుట్టూ తిరిగి దానంతట అది చల్లారుతుంది. వోల్టేజీ సరఫరా కంటే దాదాపు ఒక వోల్టుకు మించి లేవదు. తిరగేసి కడితే నేరుగా షార్ట్. మాస్‌ఫెట్ లోపల ఎలాగూ ఒక డయోడ్ ఉంది కదా అని కొందరు దీన్ని వదిలేస్తారు. ఆ డయోడ్ మాస్‌ఫెట్‌కు అడ్డంగా ఉంది, పంపుకు అడ్డంగా లేదు. ఈ పనికి రాదు.

అన్నీ సరిగ్గా కట్టినా పంపు కదలకపోతే మొదట చూడాల్సింది మైనస్ వైరు. బోర్డుకు యూఎస్‌బీ నుంచి, పంపుకు 12 వోల్టుల అడాప్టర్ నుంచి కరెంటు వస్తోంది. పిన్ను "5 వోల్టులు" అన్నప్పుడు అది తన మైనస్ నుంచి 5. మాస్‌ఫెట్ కొలుచుకునేది తన సోర్స్ నుంచి, అంటే అడాప్టర్ మైనస్ నుంచి. ఈ రెండు మైనస్‌లు కలవకపోతే గేట్ దృష్టిలో ఆ 5కు అర్థం లేదు. రెండు మైనస్‌లనూ ఒక వైరుతో కలపాలి. ప్లస్‌లను కలపకూడదు. అలాగే పంపు కరెంటును బ్రెడ్‌బోర్డు (అతికించకుండా భాగాలు గుచ్చి కలిపే పలక) సన్నని క్లిప్పుల గుండా పంపవద్దు. ఒక ఆంపియర్‌కే అవి వేడెక్కుతాయి.

ఇంతవరకు చెప్పిందంతా మైనస్ వైపు దారిని మూసే పద్ధతి. పంపుకు, దీపానికి, రిలేకు ఇది చాలు. బ్యాటరీ ఆదా కోసం సెన్సర్లకు, జీపీఎస్ లాంటి మాడ్యూళ్లకు కరెంటు కట్ చేయాలనుకున్నప్పుడు ఇది చాలదు. వాటికి బోర్డుతో డేటా వైర్లు కూడా ఉంటాయి. మైనస్ తెంపితే మాడ్యూల్ మొత్తం పైకి తేలి, డేటా వైర్ల గుండా కరెంటు దొంగదారి వెతుక్కుంటుంది. మాడ్యూల్ పూర్తిగా ఆగదు, సరిగా నడవదు. ఇలాంటి చోట ప్లస్ వైపు తెంపాలి. అందుకు పీ-చానల్ మాస్‌ఫెట్ (గేట్‌ను కిందికి లాగితే తెరుచుకునే రకం) కావాలి. సరఫరా, పిన్ను రెండూ 3.3 వోల్టులే అయితే పిన్ను దాన్ని నేరుగా నడపగలదు. సరఫరా 12 వోల్టులైతే నడపలేదు. పిన్ను 3.3 ఇచ్చినా గేట్ సోర్స్ కంటే 8.7 వోల్టులు కిందే ఉంటుంది, తలుపు మూసుకోదు. మధ్యలో చిన్న బీసీ547 పెట్టక తప్పదు. ప్లస్ తెంపాక డేటా పిన్నులను కూడా ప్రోగ్రాంలో సున్నాకు దించండి, లేదంటే వాటి నుంచే మాడ్యూల్ కరెంటు తాగుతుంది.

ఆదా ఎంతో చూడండి. 5 మిల్లీ ఆంపియర్లు లాగే తేమ సెన్సర్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే 2000 మిల్లీ ఆంపియర్ గంటల బ్యాటరీ 400 గంటల్లో, పదహారు పదిహేడు రోజుల్లో ఖాళీ అవుతుంది. పది నిమిషాలకు ఒక్క సెకను ఆన్ చేస్తే దాని వాటా ఆరువందల వంతుకు పడిపోతుంది. మట్టిలో రెండు ఇనుప పుల్లలు గుచ్చే చవక సెన్సర్‌కైతే ఇంకో లాభం. ఎప్పుడూ కరెంటు పారుతుంటే విద్యుద్విశ్లేషణ (కరెంటు వల్ల జరిగే రసాయన చర్య) జరిగి పుల్లలు తినుకుపోతాయి. కొలిచేటప్పుడే కరెంటు ఇస్తే చాలాకాలం నిలుస్తాయి. ఇంత తక్కువ కరెంటు సెన్సర్‌ను పిన్ను నుంచే నేరుగా నడపవచ్చు. ట్రాన్సిస్టర్ ప్రతిచోటా అవసరం లేదు.

230 వోల్టుల ఇంటి కరెంటు దగ్గర మాత్రం ఈ ట్రాన్సిస్టర్లలో ఏదీ నేరుగా పనికిరాదు. అక్కడ ట్రాన్సిస్టర్ రిలేను నడుపుతుంది, రిలే కాంటాక్టులు ఏసీని తెంపుతాయి. రెండిటి మధ్య విద్యుత్ బంధం ఉండదు కాబట్టి బోర్డు క్షేమం. ఆ వైరింగ్‌ను మాత్రం ఎలక్ట్రీషియన్ చేతికి వదిలేయండి.

పొలాల్లో బోరు మోటార్లకు పెట్టే మొబైల్ స్టార్టర్ డబ్బా తెరిస్తే ఈ గొలుసు ఇంకో మెట్టు పొడవుగా కనిపిస్తుంది. చిప్పు పిన్ను ట్రాన్సిస్టర్‌ను, ట్రాన్సిస్టర్ రిలేను, రిలే కాంటాక్టర్ (పెద్ద కరెంటు మోసే విద్యుదయస్కాంత స్విచ్చు) తీగచుట్టను, కాంటాక్టర్ మూడు ఫేజుల మోటారును. ఐదు హార్స్ పవర్ అంటే సుమారు 3.7 కిలోవాట్లు. కొన్ని మిల్లీ ఆంపియర్ల సంకేతం అంతదూరం పోతుంది. దాని పర్యవసానాలు కూడా అంతదూరం పోతాయి. కరెంటు రాగానే తామే మొదలయ్యే స్టార్టర్లన్నీ ఒకేసారి మోటార్లను లేపితే, మొదలయ్యే కరెంటు మామూలుకు కొన్ని రెట్లు కాబట్టి ఆ భారమంతా ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరడానికి ఇంకో కారణం ఉంది. కరెంటు ఎప్పుడూ ఉంటే అవి బోర్లను ఆపకుండా నడిపి భూగర్భ జలాన్ని తోడేస్తాయి. మేడ మీది కుండీ ప్రాజెక్టుకూ ఇదే వర్తిస్తుంది. పంపును ఆన్ చేసే నియమంతో పాటు, సెన్సర్ ఏం చెప్పినా ఇన్ని సెకన్లు దాటితే ఆపెయ్ అనే నియమం ప్రోగ్రాంలో ఉండాలి.

కట్టడం అయ్యాక ఒక్క పరీక్ష చెయ్యండి. పంపు నడుస్తుండగా మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు డ్రెయిన్‌కు, ఒకటి సోర్స్‌కు ఆనించండి. 0.1 వోల్టుకు లోపు చూపిస్తే మాస్‌ఫెట్ పూర్తిగా తెరుచుకుంది, నిశ్చింతగా ఉండవచ్చు. బీసీ547తో రిలే నడుపుతుంటే కలెక్టర్‌కూ ఎమిటర్‌కూ మధ్య 0.2 వోల్టుల దరిదాపుల్లో రావాలి. ఏదైనా అర వోల్టు దాటితే ప్రోగ్రాం జోలికి పోకండి. మాస్‌ఫెట్ అయితే మీ పిన్ను ఇచ్చే వోల్టేజీకి హామీ ఉన్నది తెచ్చుకోండి, బీసీ547 అయితే బేస్ రెసిస్టర్ తగ్గించండి.